గెలిస్తే కోచ్‌ది... ఓడితే ఎవరిది?

ఆఖరి స్థానం నుంచి ఛాంపియన్‌గా... ఛాంపియన్ నుంచి మళ్లీ ఆఖరి స్థానానికి... అక్కణ్నుంచి ఏకంగా ఢిల్లీకి! ఆరేళ్లలో హైదరాబాద్ ఎఫ్‌సీ చేసిన ప్రయాణమిది. జట్టు ఊరు దాటిపోయింది. దాని మీద వాదన మాత్రం దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చాయ్ దుకాణాల దగ్గర ఇంకా తెగలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో 'కోచింగ్' అన్న మాటకు ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. మెట్రో స్టేషన్ మెట్లు దిగితే చాలు, బోర్డులే చెబుతాయి. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, కానిస్టేబుల్ ఉద్యోగాలు, సాఫ్ట్‌వేర్ కోర్సులు... జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో దిగే కుర్రాళ్లకు ఏ సబ్జెక్టు ఏ సార్ బాగా చెబుతారో వారం తిరక్కుండానే తెలిసిపోతుంది. ఫలితాలు బాగుంటే ఫ్లెక్సీ మీద ఇన్‌స్టిట్యూట్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. బాగాలేకపోతే 'ఆ సార్ సరిగా చెప్పలేదు' అన్న మాట వినిపిస్తుంది. అదే సార్ జీతం సరిగా అందక ఎదురు బిల్డింగ్‌లోకి మారిపోతే బ్యాచ్‌లో సగం మంది ఆయన వెంటే నడుస్తారు.

ఇదే ప్రశ్న ఫుట్‌బాల్ మైదానంలోకి వస్తే? ఫలితం కోచ్‌దా, అతణ్ని పెట్టుకున్న యాజమాన్యానిదా? ఫుట్‌బాల్ ఆడే ప్రతి ఊళ్లోనూ ఉండే తగువే ఇది. మన దగ్గర కాస్త ఎక్కువ. ఎందుకంటే మన జట్టు కప్పూ గెలిచింది, కనిపించకుండానూ పోయింది. ఈ రెంటికీ మధ్య నాలుగేళ్లు కూడా లేవు!

రెండు రైళ్లు, ఒక ఆటో

ఎల్బీనగర్ పేరు వినగానే కొత్తవాళ్లు ఎల్బీ స్టేడియం ఇక్కడే ఉందనుకుంటారు. రెండూ లాల్‌బహదూర్ శాస్త్రి పేరు మీదే ఉన్నా, స్టేడియం ఉన్నది బషీర్‌బాగ్‌లో. హైదరాబాద్ ఎఫ్‌సీ సొంత మైదానం మరీ దూరం... గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా అమీర్‌పేట చేరి, అక్కడ రైలు మారి, రాయదుర్గంలో దిగి, ఆటో మాట్లాడుకోవాలి. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ అయ్యాక మళ్లీ అదే దారిన వెనక్కి. ఊరికి ఆ కొస నుంచి ఈ కొసకు.

క్రికెట్‌కైతే ఈ బాధ లేదు. ఉప్పల్ పక్కనే. అయినా పసుపు జెర్సీ వేసుకుని గచ్చిబౌలి వెళ్లొచ్చిన ఫుట్‌బాల్ పిచ్చోళ్లు మన తూర్పు వైపూ ఉన్నారు. హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాకా మొబైల్‌లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ చూసేవాళ్లు, నాగోలు, వనస్థలిపురం టర్ఫ్ కోర్టుల్లో ఐదుగురేసి జట్లుగా ఆడుకునేవాళ్లు... మాంచెస్టర్ గురించీ లివర్‌పూల్ గురించీ మాట్లాడుకునే కుర్రాళ్లకు 'మన ఊరి జట్టు' అని చెప్పుకోవడానికి తొలిసారి ఒకటి దొరికింది.

ఆఖరి నుంచి అగ్రానికి

పుణె సిటీ జట్టు మూతపడటంతో ఇండియన్ సూపర్ లీగ్‌లో ఖాళీ అయిన స్థానంలోకి 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దాని యజమానులు. తర్వాత సినీనటుడు రానా దగ్గుబాటి కూడా భాగస్వామి అయ్యారు. మొదటి కోచ్ ఫిల్ బ్రౌన్. ఇంగ్లాండ్‌లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్ దాకా తీసుకెళ్లిన పేరున్న మనిషి. 2019 నవంబరు 2న గచ్చిబౌలిలో ఆడిన తొలి మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించగానే నగరం సంబరపడింది. ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. మొత్తం సీజన్‌లో గెలిచింది రెండే. బ్రౌన్‌ను జనవరిలోనే పంపేశారు. పది జట్లలో పదో స్థానం!

తర్వాతి సీజన్‌కు బెంగళూరు ఎఫ్‌సీ మాజీ కోచ్ ఆల్బర్ట్ రోకాను తెచ్చుకున్నారు. ఇంతలో బార్సిలోనా నుంచి ఆయనకు పిలుపొచ్చింది. బార్సిలోనా పిలిస్తే ఎవరాగుతారు? సీజన్ మొదలవడానికి ముందే ఆయన వెళ్లిపోయారు. 2020 ఆగస్టులో హడావుడిగా ఆ కుర్చీలో కూర్చున్న మరో స్పెయిన్ మనిషే మనోలో మార్కెజ్. స్పెయిన్‌లో లాస్ పాల్మాస్ జట్టుకు కోచ్‌గా కొన్ని వారాలే ఉన్న చరిత్ర ఆయనది. మన దగ్గర ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ.

అలాంటి మార్కెజ్ కుర్రాళ్లను నమ్ముకున్నాడు. లిస్టన్ కొలాసో, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటివాళ్లు ఆయన చేతిలోనే పదునెక్కారు. తొలి ఏడాదే జట్టు ఐదో స్థానానికి వచ్చింది. రెండో ఏడాది లీగ్‌లో రెండో స్థానం. ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ కేరళ బ్లాస్టర్స్. ఇంకో రెండు నిమిషాల్లో ఓడిపోతామనగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతితో స్కోరు సమమైంది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపేశాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది!

కరోనా వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాద్ ఛాంపియన్ అయిన ఏడాది ఆ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. దిల్‌సుఖ్‌నగర్ అభిమాని ఆ కప్పును టీవీలోనే చూశాడు.

చాయ్ దగ్గర రెండు పార్టీలు

ఆ తర్వాత జరిగినదాని మీదే వాదన.

2022-23లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో పెనాల్టీల్లో ఓడింది. సీజన్ కాగానే మార్కెజ్ గోవా ఎఫ్‌సీకి వెళ్లిపోయారు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన మణిపూర్‌వాసి థాంగ్‌బోయ్ సింగ్‌తో పగ్గాలు అందుకున్నారు. 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. పాయింట్లు ఎనిమిది. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.

మొదటి పార్టీ వాదన సూటిగా ఉంటుంది. మార్కెజ్ ఉన్నంతకాలం గెలిచాం, పోగానే మునిగాం. కోచ్ అంటే ఇదే భాయ్! అంతకుముందు అదే యాజమాన్యం ఫిల్ బ్రౌన్‌తో ఆఖరి స్థానంలో ఉంది కదా. యజమానులు మారలేదు, ఊరు మారలేదు, మారింది కోచే. కాబట్టి క్రెడిట్ అంతా ఆయనదే.

రెండో పార్టీ ఒప్పుకోదు. సింగ్‌తో చేతికొచ్చింది మార్కెజ్ జట్టేనా? ఆకాశ్ మిశ్రా ముంబయికి వెళ్లిపోయాడు. ఒగ్బెచే లేడు. సీజన్ మధ్యకొచ్చేసరికి జీతాల బకాయిలు వీధినపడ్డాయి. ఆటగాళ్ల ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్లాయి. కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్ మీద నిషేధం పడింది. జనవరిలో పేరున్నవాళ్లు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో సింగ్‌తో సీజన్ ముగించారు. ఇంట్లో బియ్యం లేకుండా వంటమనిషిని తిడితే ఏం లాభం అంటారు వీళ్లు.

మొదటి పార్టీ దగ్గర ఇంకో బాణం ఉంది. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. డబ్బు కొరత తీరింది కదా, మరి గెలిచారా? 2024-25లో 24 మ్యాచ్‌లకు 18 పాయింట్లు. పదమూడు జట్లలో మళ్లీ పన్నెండో స్థానమే. సీజన్ మధ్యలో, డిసెంబరులో, సింగ్‌తోను తప్పించి షమీల్ చెంబకత్‌కు బాధ్యత ఇచ్చారు. డబ్బే అన్నీ చేయదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

దీనికీ రెండో పార్టీ దగ్గర జవాబుంది. సీజన్ గుమ్మంలోకి వచ్చాక చేతులు మారిన క్లబ్ అది. మంచి ఆటగాళ్లంతా అప్పటికే వేరే జట్లతో సంతకాలు చేసేశారు. ర్యాంకర్లంతా చేరిపోయాక ఆఖరి వారంలో బ్యాచ్ మొదలుపెట్టిన ఇన్‌స్టిట్యూట్ పరిస్థితి ఎలా ఉంటుందో దిల్‌సుఖ్‌నగర్‌వాళ్లకు వేరే చెప్పాలా?

అదే మార్కెజ్... ఇంకో కథ

వాదన ఇక్కడ ఆగిపోయేదే. మార్కెజే దానికి కొత్త మలుపు ఇచ్చారు.

2024 జులైలో ఆయన్ను భారత జట్టు కోచ్‌గా నియమించారు. విచిత్రం ఏమిటంటే ఆ హోదాలో ఆయన మొదటి మ్యాచ్ జరిగింది కూడా గచ్చిబౌలిలోనే. 2024 సెప్టెంబరు 3న మారిషస్‌తో 0-0 డ్రా. ఆరు రోజుల తర్వాత అక్కడే సిరియా చేతిలో 0-3తో ఓటమి. నవంబరులో అక్కడే మలేసియాతో 1-1. మొత్తం ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది మాల్దీవుల మీద ఒక్కటే. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓడాక, జులైలో తప్పుకున్నారు.

హైదరాబాద్‌లో మంత్రదండం ఊపిన మనిషికి దేశం జట్టు దగ్గరకొచ్చేసరికి ఏమైంది? ఆయన చేతగానివాడైపోయాడా? అదీ కాదు. అదే సీజన్‌లో, 2025 మేలో, గోవా ఎఫ్‌సీకి సూపర్ కప్ గెలిచిపెట్టారు. అవును, దేశానికీ క్లబ్‌కూ ఒకేసారి కోచ్‌గా ఉన్నారు. ఒక మనిషిని రెండు పడవల మీద నిలబెట్టాలన్న నిర్ణయం మాత్రం ఆయనొక్కడిది కాదు. అందుకు సరేనన్న ఫుట్‌బాల్ సమాఖ్యది కూడా. క్లబ్‌లో కోచ్ రోజూ మైదానంలో ఉంటాడు. తనకు కావలసినవాళ్లను ఏరుకుని నెలల తరబడి తీర్చిదిద్దుకుంటాడు. దేశం జట్టు చేతికి వచ్చేది కొద్ది రోజులే.

అంటే కోచ్ ప్రతిభ అబద్ధం కాదు. దానికి టైమూ, మనుషులూ, వేళకు జీతాలూ కావాలి. ఆ మూడూ ఇవ్వాల్సింది ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లు.

చాదర్‌ఘాట్ మాస్టారు

ఈ మాట ఎవరో విదేశీయుడు నేర్పాల్సిన పని లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ వెళ్లే దారిలో చాదర్‌ఘాట్ వస్తుంది. అక్కడి హైస్కూల్లో పాఠాలు చెప్పిన ఒక మాస్టారే భారత ఫుట్‌బాల్‌కు అతిగొప్ప కోచ్ అయ్యారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీమ్... అభిమానులకు రహీమ్ సాబ్. 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' ఆయన కథే.

రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. వీటి మధ్యలో ఒక చేదు అధ్యాయం ఉంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడిపోయాం. మనవాళ్లలో చాలామంది బూట్లు కూడా లేకుండా ఆడిన మ్యాచ్ అది.

ఇవాళ ఒక జట్టు పది గోల్స్ తింటే కోచ్ విమానం దిగేలోపే కొత్త పేరు టీవీలో వచ్చేస్తుంది. అప్పట్లో తప్పెక్కడుందో వెతికారు, బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు అదే కోచ్ జట్టు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది.

ఇంకో సంగతి. సిటీ పోలీస్ జట్టు ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. గెలిచినా ఓడినా నెల తిరిగేసరికి జీతం వచ్చేది. రహీమ్ సాబ్ కోచ్ మాత్రమే కాదు, 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా. మైదానానికీ ఆఫీసుకూ మధ్య గోడ ఉండేది కాదు. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం లేదు. హైదరాబాద్ కుర్రాళ్లు మాత్రం కోల్‌కతా క్లబ్‌లకు వెళ్లి పేరు తెచ్చుకున్నారు. తులసీదాస్ బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. తర్వాత నయీముద్దీన్, హబీబ్... ఆటగాళ్లను కన్నది మనం, పోషించింది వాళ్లు.

ఇది రెండోసారి!

ఫుట్‌బాల్ తెలియనివాళ్లకు క్రికెట్‌లో చెబితే ఇట్టే అర్థమవుతుంది. డెక్కన్ ఛార్జర్స్ గుర్తుందా? 2008లో తొలి ఐపీఎల్‌లో ఆఖరి స్థానం. 2009లో కొత్త కోచ్ డారెన్ లేమన్, కెప్టెన్ గిల్‌క్రిస్ట్‌తో ఛాంపియన్. 2012లో యాజమాన్యం ఆర్థిక ఇబ్బందుల్లో పడటంతో జట్టే రద్దయింది. తొలి ఏడాది అట్టడుగు, ఆ తర్వాత కప్పు, చివరికి కనుమరుగు. హైదరాబాద్ ఎఫ్‌సీ కథలో పేర్లు మారాయంతే.

క్రికెట్‌కు గిరాకీ ఉంది కాబట్టి ఛార్జర్స్ పోతే వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది. ఫుట్‌బాల్‌కు అలా జరగలేదు. 2025 అక్టోబరులో క్లబ్‌ను ఢిల్లీకి తరలించి 'స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ' అని పేరు మార్చేశారు. 'డెక్కన్ లెజియన్' పేరుతో స్టాండ్స్‌లో డప్పులు మోగించిన అభిమాన సంఘానికి ఇప్పుడు అరవడానికి జట్టే లేదు. మొయినాబాద్ వైపు అజీజ్‌నగర్‌లో సొంత మైదానం కట్టుకున్న శ్రీనిధి దక్కన్ 2022-23, 2023-24 ఐ-లీగ్‌లలో వరసగా రెండో స్థానంలో ఆగిపోయింది. పై లీగ్‌కు వెళ్లేది మొదటి స్థానంవాళ్లే మరి.

లండన్‌లో ఏం చేశారంటే...

ఊరి నుంచి జట్టును ఎత్తుకెళ్లడం మనకు మాత్రమే జరిగిన అన్యాయం కాదు. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్‌ను 2003లో యజమానులు దూరంగా మిల్టన్ కీన్స్‌కు తరలించారు. అభిమానులు ఊరుకోలేదు. తరలింపుకు అనుమతి రాగానే 2002లోనే సొంతంగా 'ఏఎఫ్‌సీ వింబుల్డన్' పెట్టుకున్నారు. అట్టడుగు లీగ్‌ల నుంచి మొదలుపెట్టి 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు. జర్మనీలోనైతే కొద్ది మినహాయింపులు పోను, క్లబ్ ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలన్నది నిబంధన. బార్సిలోనా అధ్యక్షుణ్ని సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు.

అక్కడా కోచ్‌లను తీసేస్తారు. లెస్టర్ సిటీకి 2016లో ఎవరూ కలలో కూడా ఊహించని టైటిల్ తెచ్చిన రనియేరిని తొమ్మిది నెలల్లోనే ఇంటికి పంపారు. మాంచెస్టర్ యునైటెడ్‌లో 1986లో చేరిన ఫెర్గూసన్‌కు తొలి లీగ్ టైటిల్ 1993లో వచ్చింది. అంతకాలం ఓపిక పట్టిన క్లబ్ 2013లో ఆయన రిటైరయ్యాక కోచ్ వెంట కోచ్‌ను మారుస్తూనే ఉంది. ఆయనతో వచ్చిన లీగ్ టైటిళ్లు 13. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

అంకెలు చెప్పే కథ

2019-20: 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, పదో స్థానం
2020-21: 20 మ్యాచ్‌లు, 29 పాయింట్లు, ఐదో స్థానం
2021-22: 20 మ్యాచ్‌లు, 38 పాయింట్లు, రెండో స్థానం, కప్పు
2022-23: 20 మ్యాచ్‌లు, 42 పాయింట్లు, రెండో స్థానం
2023-24: 22 మ్యాచ్‌లు, 8 పాయింట్లు, పన్నెండో స్థానం
2024-25: 24 మ్యాచ్‌లు, 18 పాయింట్లు, పన్నెండో స్థానం

తీర్పు ఎవరి వైపు?

మధ్యలో ఉన్న మూడేళ్లూ మార్కెజ్‌వి. కాబట్టి కోచ్ గొప్పతనాన్ని కాదనలేం. 42 నుంచి 8కి పడిపోవడాన్ని ఒక్క కోచ్ మార్పుతో వివరించడమూ కుదరదు. మంచి కోచ్ ఒక జట్టును పదో స్థానం నుంచి రెండో స్థానానికి తేగలడు. ఆ జట్టు ఆయన వెళ్లాక కూడా నిలబడుతుందా లేదా అన్నది యాజమాన్యం చేతిలో ఉంటుంది. గెలిపించడం కోచ్ పరీక్ష, నిలబెట్టడం యాజమాన్యం పరీక్ష. హైదరాబాద్‌లో మొదటి పరీక్ష పాసైంది, రెండోదానికి హాల్‌టికెట్టే పోయింది.

మన వంతూ కొంత ఉంది. ఆ ఫైనల్ హీరోలు కట్టిమణి, తవోరా ఇద్దరూ గోవావాళ్లు. నార్జరీది అస్సాం, చింగ్లెన్‌సనాది మణిపూర్. మన గల్లీల నుంచి ఒక్క పేరైనా వినిపించి ఉంటే ఊరు ఆ జట్టును ఇంకొంచెం గట్టిగా పట్టుకునేదేమో! సరూర్‌నగర్ స్టేడియం అంటే చాలామందికి రాజకీయ సభలే గుర్తొస్తాయి. టర్ఫ్ కోర్టులో గంటకు ఇంత అని కట్టగలిగినవాడే బంతి తన్నగలిగే పరిస్థితి.

రేపో మాపో ఇంకో జట్టు రావచ్చు. కొత్త జెర్సీ, కొత్త పాట, సినిమా తార చేతిలో జెండా... అన్నీ మామూలే. టికెట్ కొనేముందు ఈసారి కోచ్ ఎవరని అడగడంతోపాటు మరో మూడు ప్రశ్నలు వేద్దాం. ఆటగాళ్లకు నెలనెలా జీతం అందుతోందా? మన కుర్రాళ్లకు అకాడమీ ఉందా, అదీ గచ్చిబౌలిలోనే కాకుండా మూసీకి ఇవతల కూడా? జట్టును ఊరు దాటించాలంటే అభిమానుల్ని ఒక మాటైనా అడుగుతారా?

ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే రెండు రైళ్లు మారి, ఆటో ఎక్కి వెళ్లడానికి ఎల్బీనగర్ ఎప్పుడూ రెడీ.